పరిశోధన ఫలితాన్ని ఓపీ గదిదాకా తేవడం: బెంగళూరులో ఆసుపత్రి, ల్యాబ్ కలిసి పనిచేసే పద్ధతి

వైద్య పరిశోధనకు కావలసిన సరంజామా అంతా బెంగళూరులోనే దొరుకుతుంది. సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్సీ, మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్, సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రి, బళ్ళారి రోడ్డులో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్, ఆ ఆవరణలోనే స్టార్టప్‌లకు ఊతమిచ్చే సీ-క్యాంప్, ఎలక్ట్రానిక్ సిటీలో బయోఇన్నోవేషన్ సెంటర్ ఉన్నాయి. ల్యాబుల్లోనూ స్టార్టప్‌లలోనూ తెలుగువాళ్ళకు కొదవ లేదు. పెద్దాసుపత్రుల ఓపీ వరండాలో కాసేపు నిలబడితే అనంతపురం, హిందూపురం, మదనపల్లె యాసలు వినపడుతూనే ఉంటాయి. అయినా చాలా ప్రాజెక్టులు పేపరు అచ్చయ్యాక ఇంకో అడుగు వేయవు. ఒప్పందం ఒక ప్రొఫెసరుకూ ఒక సీనియర్ డాక్టరుకూ మధ్య కుదురుతుంది. రేపు ఆ పరికరాన్ని రోజూ వాడాల్సిన సిస్టర్, దాన్ని బాగుచేయాల్సిన బయోమెడికల్ ఇంజనీర్, దానికి డబ్బు కట్టాల్సిన పర్చేజ్ ఆఫీసరు ఆ గదిలో ఉండరు. వాళ్ళను మొదటి మీటింగుకే పిలిచి, వాళ్ళ పని చుట్టూ భాగస్వామ్యాన్ని కట్టడం ఎలాగో ఇక్కడ చూద్దాం.

చెప్పేది గాలిలో ఉండకుండా ఒక్క ఉదాహరణే చివరిదాకా పట్టుకుందాం. షుగర్ పేషంట్ల కంటి వెనక భాగాన్ని ఫండస్ కెమెరాతో ఫోటో తీసి, రెటినోపతి (షుగర్ వల్ల కంటి వెనక రెటీనా పొర దెబ్బతినే జబ్బు) ఉందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒక ల్యాబ్ దగ్గర ఉంది. దాన్ని ఒక ఆసుపత్రి షుగర్ ఓపీలో నిలబెట్టాలి. మీది రక్తపరీక్ష కిట్ అయినా, ఈసీజీ పట్టీ అయినా దారి దాదాపు ఇదే.

ముందు ఓపీలో కూర్చోండి

బెంగళూరులోని నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ 1959లో మొదలైంది. అక్కడి పరిశోధకులు బెనర్జీ, ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నవాళ్ళను వెతికి మాట్లాడారు. జనానికి జబ్బు మీద అవగాహన లేదు, అందుకే ఆసుపత్రికి రారు అన్నది అప్పటి నమ్మకం. 1963లో అచ్చయిన వాళ్ళ అధ్యయనంలో తేలింది వేరు. లక్షణాలు ఉన్నవాళ్ళలో సగం దాకా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ కఫం పరీక్ష చేయకుండా దగ్గు మందు ఇచ్చి పంపేశారు. లోపం జనంలో కన్నా ఎక్కువగా ఆ కౌంటరు దగ్గరే ఉంది. ఆ ఒక్క సంగతి తెలియడంతో ఏ పని ఎక్కడ చేయాలన్నది మారిపోయింది.

మీరూ ఆ కౌంటరు దగ్గర నుంచే మొదలుపెట్టండి. ఒక ఇంజనీరు, ఒక కో-ఆర్డినేటరు రెండు వారాలపాటు షుగర్ ఓపీలో ఉండి, పేషంట్ చీటీ రాయించుకున్న దగ్గర నుంచి బయటికి వెళ్ళేదాకా ఏ వరుసలో ఎన్ని నిమిషాలు నిలబడ్డాడో రాయాలి. రక్తం ఇచ్చాక రిపోర్టు వచ్చేదాకా సాధారణంగా ఖాళీ సమయం ఉంటుంది. కంటి ఫోటోకు అదే మంచి సందు. డాక్టరును చూశాక ఫోటో పెడితే సగంమంది బస్సుకు వెళ్ళిపోతారు.

ఆ రెండు వారాల్లోనే ఇంకో ప్రశ్నకు జవాబు తెచ్చుకోవాలి: ఫోటోలో జబ్బు కనిపిస్తే తర్వాత ఏం జరుగుతుంది? రెటీనా డాక్టరు వారంలో ఎన్ని రోజులు ఉంటారు, లేజర్ ఎక్కడ చేస్తారు, ఇంజెక్షన్ ఖర్చు ఎవరిది? వీటికి జవాబు లేకపోతే ప్రాజెక్టును అక్కడే ఆపండి. చికిత్స దొరకని చోట జబ్బు పేరు చెప్పి పంపడం ఆ మనిషికి మేలు చేయదు.

రెండు వారాల తర్వాత ఒక్క పేజీ రాయండి. ఎవరికి, ఏ గదిలో, ఎవరి చేతుల మీదుగా, ఇప్పుడు ఏం జరుగుతోంది, మీరొచ్చాక ఏది మారాలి, ఆ మార్పును ఏ ఒక్క అంకెతో కొలుస్తారు. మా మాట వింటే ఆ అంకె సాఫ్ట్‌వేర్ కచ్చితత్వం కాకూడదు. 'ఏడాదిలో ఒక్కసారైనా కంటి పరీక్ష జరిగిన షుగర్ పేషంట్ల శాతం' లాంటిది పెట్టుకోండి. కచ్చితత్వం అందులో ఒక మెట్టు మాత్రమే.

ఎవరెవరు కలవాలి

1956లో మద్రాసులో క్షయ చికిత్స కేంద్రం పెట్టినప్పుడు నలుగురు కలిశారు: ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్. 193 మంది పేషంట్లను రెండుగా విభజించి, కొందరికి శానిటోరియంలో (క్షయ రోగులను ఉంచి చూసే ఆసుపత్రిలో), మిగతావాళ్ళకు ఇంట్లోనే ఏడాదిపాటు మందులిచ్చారు. ఇరుకు ఇళ్ళు, తక్కువ తిండి ఉన్నా ఇంట్లో మందులు వాడినవాళ్ళు దాదాపు అంతే బాగా కోలుకున్నారు. కుటుంబానికి అదనంగా సోకిందనీ తేలలేదు. 1959లో ఆ ఫలితాలు వచ్చాయి. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటి దగ్గర చికిత్స మీదే నిలబడింది. ఆ కేంద్రమే ఇప్పటి చెన్నై చేట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, ఎన్‌ఐఆర్‌టీ. రేపు క్లినిక్కులు నడపాల్సిన ప్రభుత్వం మొదటి నుంచీ భాగస్వామిగా ఉంది. ఫలితాన్ని తీసుకెళ్ళి దానికి కొత్తగా అమ్మాల్సిన పని పడలేదు.

మన కంటి ఉదాహరణకు కావలసిన మనుషులు వీళ్ళు. షుగర్ డాక్టరు ఒకరు, రెటీనా డాక్టరు ఒకరు. ఇద్దరికీ ప్రత్యామ్నాయంగా ఇంకొకరి పేరు ముందే రాసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో బదిలీ, ప్రైవేటులో రాజీనామా తప్పవు కాబట్టి ఒప్పందంలో బాధ్యతను హోదా పేరున రాయండి, వ్యక్తి పేరున రాయకండి. ల్యాబ్ వైపు ఒక ఇంజనీరు, వారంలో కనీసం ఒక పూట ఆసుపత్రిలో ఉండాలి. ఫోటో తీసే ఆప్టోమెట్రిస్టు (కంటిచూపు పరీక్షించే నిపుణులు) లేదా సిస్టర్. ఆసుపత్రి ఐటీ, మెడికల్ రికార్డుల విభాగం, బయోమెడికల్ విభాగం నుంచి ఒక్కొక్కరు. పర్చేజ్ విభాగం నుంచి ఒకరు, ఏడాదికి రెండు మీటింగులకైనా. స్టాటిస్టీషియన్ (గణాంక నిపుణులు) డేటా సేకరించక ముందే రావాలి. సేకరించాక వచ్చే స్టాటిస్టీషియన్ చేయగలిగేది జరిగిన నష్టం ఎంతో చెప్పడమే.

వీళ్ళందరిలో ప్రాజెక్టును నిజంగా నడిపేది స్టడీ కో-ఆర్డినేటరు. ఆ ఉద్యోగాన్ని పార్ట్‌టైమ్ చేసి జీతం మిగుల్చుకునే పొరపాటు చేయకండి. కన్నడం, తెలుగు రెండూ మాట్లాడేవాళ్ళు దొరికితే వదులుకోకండి.

కాగితాలు, వాటి వరుస

మొదట ఎన్‌డీఏ, అంటే రహస్యాలు బయటపెట్టబోమన్న ఒప్పందం. దాని తర్వాత ఎంఓయూ, అంటే కలిసి పనిచేస్తామన్న అవగాహన పత్రం. ఎంఓయూ ఫోటో దిగడానికి బాగుంటుంది కానీ ఎక్కువగా ఎవరినీ కట్టిపడేయదు. అసలు పట్టు ఉండేది తర్వాతి రెండింటిలో: డేటా బదిలీ ఒప్పందం, స్టడీ ఒప్పందం. ఆసుపత్రి లీగల్ విభాగం ఈ రెండింటినీ చదివి సంతకం చేసేసరికి నెలలు గడుస్తాయి కాబట్టి ఎథిక్స్ కమిటీ (పేషంట్ల మీద పరిశోధనకు అనుమతిచ్చే సంఘం) దరఖాస్తుతోపాటే ఇవీ కదలాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి అని కూర్చుంటే గ్రాంటు గడువు ఖాళీగా కరిగిపోతుంది.

ఒప్పందంలో గొడవలు వచ్చేది నాలుగు చోట్ల.

ఎవరు ముందునుంచి తెచ్చినది ఎవరిది, కలిసి చేసినది ఎవరిది అన్నది మొదటిది. ల్యాబ్ కోడ్ ల్యాబ్‌ది, ఆసుపత్రి పాత ఫోటోలు ఆసుపత్రివి, ఇది తేలికే. ఆ ఫోటోలతో శిక్షణ పొందిన మోడల్ ఎవరిదన్నదే తగాదా. దాన్ని ముందే అంకెల్లో రాయండి: ఆదాయంలో ఎంత వాటా, లేదా ఆసుపత్రికి ఎన్నేళ్ళు ఉచిత వాడకం. 'పరస్పర అంగీకారంతో తర్వాత నిర్ణయించుకుంటాం' అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయండి.

రెండోది ప్రచురణ. పేపరు పంపేముందు రెండో పక్షం చదవడానికి 30 నుంచి 45 రోజులు చాలు. ఆపే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఫలితం నచ్చకపోయినా సరే.

మూడోది పేటెంటు. కాన్ఫరెన్సులో పోస్టరు పెట్టాక పేటెంటు గుర్తొస్తే చాలా సందర్భాల్లో పని అయిపోయినట్టే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి, పూర్తి వివరాలకు 12 నెలలు దొరుకుతాయి. భారత పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఐ) ప్రకారం జబ్బును నిర్ధారించే పద్ధతికి పేటెంటు రాదు, సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కూ రాదు. పరికరం, దాని అమరిక, ఫోటో నాణ్యతను కొలిచే ఏర్పాటు లాంటివాటి మీద దృష్టి పెట్టమని ఏజెంటుకు చెప్పండి. ఇక్కడ దరఖాస్తు వేసిన ఆరు వారాలలోపు విదేశాల్లో వేయాలంటే పేటెంట్ ఆఫీసు అనుమతి కావాలి.

నాలుగోది విడిపోవడం. ప్రాజెక్టు మధ్యలో ఆగితే కెమెరా ఎవరికి, డేటా ఎవరి దగ్గర ఎన్నేళ్ళు, అప్పటికే చేరిన పేషంట్లను ఎవరు చూస్తారు.

అనుమతులు

ఎథిక్స్ కమిటీకి రెండు రకాల రిజిస్ట్రేషన్ ఉంటుంది. కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ దగ్గర ఒకటి, ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర ఇంకొకటి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ఈ విభజన వచ్చింది. మీ అధ్యయనానికి ఏది వర్తిస్తుందో, మీ ఆసుపత్రి కమిటీకి అది ఉందో, గడువు తీరిపోయిందో ముందు చూడండి. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వాళ్ళలో కనీసం సగంమంది ఆసుపత్రికి సంబంధం లేనివాళ్ళు. సొంత కమిటీ లేని చిన్న ఆసుపత్రిని కలుపుకోవాలంటే క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు అదే ఊళ్ళో గానీ 50 కిలోమీటర్లలోపు గానీ ఉన్న మరో కమిటీని వాడుకోనిస్తాయి.

సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరమే. 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కింద ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు ఉన్నాయి. ఏ, బీ తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారుల దగ్గర, సీ, డీ కేంద్రం దగ్గర. మీది ఏ తరగతో సీడీఎస్‌సీఓ విడుదల చేసిన జాబితాలో చూడండి, ఊహించుకోకండి. పరీక్ష కోసం మాత్రమే తయారు చేయడానికి ఎండీ-12 ఫారంలో దరఖాస్తు పెడితే ఎండీ-13 లైసెన్సు వస్తుంది. మనుషుల మీద క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌కు ఎండీ-22లో దరఖాస్తు, ఎండీ-23లో అనుమతి.

చాలామంది బోర్లా పడేది ఇక్కడే. అకడమిక్ అధ్యయనం అని చెప్పి ఎథిక్స్ కమిటీ అనుమతితో సరిపెట్టుకుంటే పని త్వరగా మొదలవుతుంది. అలా సేకరించిన డేటాను తర్వాత లైసెన్సు దరఖాస్తులో చూపించడానికి వీల్లేదు. ఏడాదిన్నర కష్టపడి, మళ్ళీ అదే అధ్యయనాన్ని మొదటి నుంచి చేయాల్సి వస్తుంది. పరికరాన్ని అమ్మే ఆలోచన ఏ మూల ఉన్నా మొదటే సీడీఎస్‌సీఓ దారి పట్టండి. దారి తెలియకపోతే 2023 డిసెంబరులో మొదలైన, వైద్య పరికరాల రూపకర్తలకు దారి చూపే మెడ్‌టెక్ మిత్ర వేదికకు రాసి అడగవచ్చు.

సీటీఆర్ఐలో (దేశ క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టికలో) రిజిస్ట్రేషన్ మొదటి పేషంట్ చేరక ముందే పూర్తవ్వాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి వెనకటి తేదీతో చేయరు. విదేశీ డబ్బు గానీ విదేశీ భాగస్వామి గానీ ఉంటే ఐసీఎంఆర్ ద్వారా హెచ్‌ఎంఎస్‌సీ (ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ) అనుమతి కావాలి. దాని సమయాన్ని ప్రణాళికలో విడిగా చూపండి. కృత్రిమ మేధ వాడుతున్నట్టయితే ఐసీఎంఆర్ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలను ఎథిక్స్ కమిటీ అడుగుతుంది. చదివి వెళ్ళండి.

ఎంతమంది, ఏ ఫోటోలు

జబ్బు ఉన్నవాళ్ళలో 90 శాతాన్ని సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుందని మీ అంచనా అనుకుందాం. ఆ 90ని 5 శాతం అటూ ఇటూగా చెప్పాలంటే, 95 శాతం నమ్మకంతో, జబ్బు ఉన్నవాళ్ళే 139 మంది కావాలి. లెక్క ఇది: 1.96 వర్గాన్ని 0.9తో, 0.1తో గుణించి, 0.05 వర్గంతో భాగించడం. మీ షుగర్ ఓపీలో రెటీనా డాక్టరుకు పంపాల్సినంత జబ్బు నూటికి పదిమందిలో ఉందనుకుంటే, 139 మంది దొరకడానికి 1,390 మందిని ఫోటో తీయాలి. పదోవంతు ఫోటోలు మసకగా వస్తాయని కలుపుకుంటే 1,545. '200 మంది చాలు' అని ప్రోటోకాల్‌లో (అధ్యయన ప్రణాళికలో) రాసినవాళ్ళు చివర్లో 20 మంది జబ్బువాళ్ళతో మిగిలిపోతారు. ఆ అంకె మీద ఏ కమిటీ నమ్మకం పెట్టదు.

త్వరగా 139 మంది దొరకాలని రెటీనా క్లినిక్కు నుంచి పేషంట్లను తెచ్చుకోకండి. అక్కడికి వచ్చేవాళ్ళకు జబ్బు ముదిరి ఉంటుంది, రక్తస్రావాలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, సాఫ్ట్‌వేర్ సులువుగా పాసవుతుంది. ఓపీలో అసలు కష్టం తొలి దశ కేసులతో.

సరైన జవాబు ఏదో తేల్చేది మనుషులే కాబట్టి వాళ్ళ పనికీ నియమం కావాలి. ప్రతి ఫోటోను ఇద్దరు రెటీనా డాక్టర్లు విడివిడిగా, అంతర్జాతీయ ఐదు దశల కొలమానంలో చూడాలి. ఒకరి జవాబు ఇంకొకరికి గానీ, సాఫ్ట్‌వేర్ జవాబు ఎవరికీ గానీ కనిపించకూడదు. తేడా వస్తే మూడో వ్యక్తి తేలుస్తారు. 5 శాతం ఫోటోలను చెప్పకుండా మళ్ళీ వాళ్ళ ముందు పెట్టండి. నిన్న 'మధ్యస్థం' అన్న ఫోటోను ఈరోజు 'స్వల్పం' అంటే, సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టే ముందు కొలబద్దను సరిచేసుకోవాలి.

శిక్షణకు, పరీక్షకు ఫోటోలను విడదీసేటప్పుడు ఫోటోల లెక్కన కాక మనుషుల లెక్కన విడదీయండి. ఒకే మనిషి కుడి కన్ను శిక్షణలో, ఎడమ కన్ను పరీక్షలో పడితే అంకెలు లేనిపోని మెరుపుతో వస్తాయి. ఇంకో ఆసుపత్రిలో పెట్టగానే పడిపోతాయి. పరీక్ష ఫోటోల్లో కొన్నైనా వేరే కెమెరావీ వేరే ఆసుపత్రివీ ఉండాలి. 2016లో జామా వైద్య పత్రికలో వచ్చిన గూగుల్ రెటినోపతి అధ్యయనంలో అమెరికాలోని ఐప్యాక్స్ కంటి పరీక్షల వ్యవస్థ ఫోటోలతోపాటు మన దేశపు మూడు కంటి ఆసుపత్రుల ఫోటోలు శిక్షణకు వాడారు. వాటిలో నారాయణ నేత్రాలయ బెంగళూరుదే. పరీక్ష మాత్రం శిక్షణలో లేని వేరే ఫోటోల మీద చేశారు.

పేరు తీసేశాం అని ఆసుపత్రి చెప్పినా ఒక్కసారి మీరే ఫోల్డరు తెరవండి. తరచుగా కనిపించేవి మూడు. ఫైలు పేరులోనే పేషంట్ పేరు, వయసు, కుడి కన్ను అని ఉంటుంది. డైకామ్ (వైద్య చిత్రాల ఫైలు రకం) హెడర్‌లో, అంటే ఫోటోతోపాటు దాగి ఉండే వివరాల్లో, ఎంఆర్‌డీ (మెడికల్ రికార్డుల విభాగం) నంబరు మిగిలిపోతుంది. అన్నిటికన్నా మొండిది, కెమెరా ఫోటో మూలన తెల్ల అక్షరాలతో అచ్చువేసే పేరు, తేదీ. అది ఫోటోలో భాగమైపోతుంది కాబట్టి హెడర్ తుడిచినా పోదు, ఆ మూలను కత్తిరించాలి. ఈ పని ఆసుపత్రి సర్వరులోనే జరగాలి, ల్యాబ్‌కు వచ్చాక చేస్తే అప్పటికే డేటా బయటికి పోయినట్టు. కోడ్ నంబరుకూ పేరుకూ పొంతన చూపే పట్టిక ఎంఆర్‌డీలో ఒక్కరి దగ్గరే ఉండాలి.

సమ్మతి పత్రం, సొంతూరి ప్రయాణం

పత్రం ఇంగ్లీషు, కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూల్లో కావాలి. ప్రతి అనువాదాన్నీ ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూడాలి, దాని ధ్రువీకరణను ఎథిక్స్ కమిటీకి ఇవ్వాలి. తెలుగు పత్రాన్ని గ్రాంథికంలో రాయించకండి. మదనపల్లె నుంచి వచ్చిన టమోటా రైతు చదివి ఎదురు ప్రశ్న వేయగలిగేలా ఉండాలి. 'ఫోటోలో ఏమీ లేదని యంత్రం చెప్పినా జబ్బు ఉండే అవకాశం కొంత ఉంటుంది' అన్న వాక్యం తప్పకుండా పెట్టండి.

ఆడిట్‌లో ఎక్కువగా బయటపడే తప్పు చాలా చిన్నది. మధ్యలో ఇంగ్లీషు పత్రాన్ని మార్చి రెండో వెర్షన్ చేస్తారు, తెలుగుది మొదటి వెర్షన్‌లోనే ఉండిపోతుంది. ఆ తేదీ తర్వాత చేరిన ప్రతి తెలుగు పేషంటూ ప్రోటోకాల్ ఉల్లంఘనే అవుతాడు. అన్ని భాషల పత్రాలకూ అడుగున ఒకే వెర్షన్ నంబరు, తేదీ వేయండి. సంతకాలు కాని పాత పత్రాలను అదేరోజు చించేయండి, ఫైలుకు ఒక్క కాపీ తప్ప.

చదవలేనివాళ్ళకు పత్రం చదివి వినిపించి, ప్రాజెక్టుకు సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. వైద్యం చేసే డాక్టరే సమ్మతి అడగడం మంచిది కాదు. ఆయన అడిగితే 'కాదు' అనే ధైర్యం ఎవరికి ఉంటుంది? కో-ఆర్డినేటరు అడగాలి, పక్క గదిలో, కూర్చోబెట్టి.

ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మంటే 200 కిలోమీటర్ల నుంచి రావాలి. పిలిచే తేదీని క్యాలెండరు చూసి వేయండి. సంక్రాంతి వారం, ఉగాది, అనంతపురం వైపు వేరుశనగ పీకే రోజులు, చిత్తూరు వైపు మామిడి కోతలు ఉన్నప్పుడు ఎవరూ రారు. ప్రోటోకాల్‌లో 'సరిగ్గా 180వ రోజు' అని రాసుకుంటే సగంమంది తప్పిపోయినట్టు లెక్క, '30 రోజులు అటూ ఇటూ' అని రాసుకుంటే చాలామంది నిలుస్తారు. రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి, పేషంట్‌ది ఒకటి, ఇంట్లో పిల్లలది ఒకటి. బస్సు ఛార్జీ, ఆరోజు కూలి నష్టం బడ్జెట్లో పెట్టి ఎథిక్స్ కమిటీకి ముందే చూపండి. రాలేనివాళ్ళకు సొంతూరి కంటి డాక్టరుకు చూపించుకునేలా తెలుగులో ఒక ఉత్తరం, ఫోటో ప్రతి ఇవ్వండి.

గదిలో పెట్టి చూడటం

థాయిలాండ్ క్లినిక్కుల్లో గూగుల్ రెటినోపతి సాఫ్ట్‌వేర్ పెట్టినప్పటి అనుభవం 2020లో అచ్చయింది. ల్యాబులో బాగా పనిచేసిన అదే వ్యవస్థ, అక్కడ మొదటి ఆరు నెలల్లో చూసిన 1,838 ఫోటోల్లో 21 శాతాన్ని నాణ్యత చాలదని వెనక్కి కొట్టింది. గదిలో వెలుతురు ఎక్కువ, కొన్నిచోట్ల ఇంటర్నెట్ నెమ్మది. నిరాకరించిన ప్రతి ఫోటోకూ పేషంట్ ఇంకోచోటికి వెళ్ళాలి. కొందరు నర్సులు అది చూసి పేషంట్లను అసలు చేరొద్దనే అన్నారు. మన దగ్గర జరగదని అనుకోవడానికి కారణం ఏమీ లేదు.

అందుకే అధ్యయనానికి ముందు 50 మందితో తాలీము చేయండి. కిటికీకి నల్ల తెర, తలుపు సందుకూ అడ్డు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయకుండా తీస్తుంటే పేషంట్‌ను ఐదు నిమిషాలు చీకట్లో కూర్చోబెట్టాలి. ఒక కంటి ఫోటో తీయగానే ఫ్లాష్‌కు రెండో కంటిపాప కూడా ముడుచుకుంటుంది, కాస్త ఆగి తీయాలి. తొందరపడి తీసిన రెండో కంటి ఫోటోయే ఎక్కువగా నల్లగా వస్తుంది. వరుసగా అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట బూడిదరంగు మచ్చ కనిపిస్తే అది జబ్బు కాదు, లెన్సు మీది దుమ్ము. శుక్లం ఉన్న కంటికి రెండు ప్రయత్నాలకు మించి చేయకుండా నేరుగా డాక్టరుకు పంపమని ముందే రాసిపెట్టండి. చుక్కలు వేసేట్టయితే కంటి ఒత్తిడి పెరిగి నొప్పి వచ్చే అరుదైన సందర్భానికి ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద ఉండాలి. తీవ్రమైనది ఏది జరిగినా 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకి చెప్పాలని ప్రోటోకాల్‌లో రాసుకోండి.

ఇప్పుడు రెటీనా క్లినిక్కు మీద పడే బరువు లెక్కకట్టండి. రోజుకు 40 మంది షుగర్ పేషంట్లు. నలుగురి ఫోటోలు మసక, వాళ్ళనూ పంపాల్సిందే. మిగతా 36 మందిలో, జబ్బు నూటికి పది, సాఫ్ట్‌వేర్ జబ్బున్నవాళ్ళ విషయంలోనూ లేనివాళ్ళ విషయంలోనూ 90 శాతం సరి అనుకుంటే, నూటికి 18 మందికి 'ఉంది' అని వస్తుంది. వాళ్ళలో సగమే నిజంగా జబ్బున్నవాళ్ళు. రోజుకు ఆరేడుగురు, మసక ఫోటోలతో కలిపి పదిమంది పైనే. వారానికి 60 దాటుతారు. రెటీనా డాక్టరు వారానికి రెండు రోజులే ఉంటే ఒక్కో రోజు 30 మంది అదనం. ఈ లెక్క ముందే చూపించకపోతే మూడో వారంలో రెటీనా విభాగమే మీ ప్రాజెక్టును ఆపిస్తుంది, అదీ న్యాయంగానే.

డబ్బు, కొనుగోలు

బయోటెక్ ఆవిష్కరణలకు డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు 50 లక్షల వరకు, 18 నెలలకు ఇస్తుంది. బెంగళూరులో సీ-క్యాంప్ దాని భాగస్వామి. ఆలోచనను నమూనాదాకా తేవడానికి అది చాలు. 1,500 మంది మీద అధ్యయనానికి ఇంకో గ్రాంటు చూసుకోవాలి. విడతల మధ్య డబ్బు ఆగినప్పుడే కో-ఆర్డినేటర్లు మానేస్తారు. మూడు నెలల జీతం ఎవరు ముందు పెట్టుకుంటారో ఒప్పందంలోనే రాయండి.

పర్చేజ్ ఆఫీసరు అడిగేది ఒక్కటే: మనిషికి ఎంత పడుతుంది? ఉదాహరణకు కెమెరా 4 లక్షలు, ఐదేళ్ళు పనిచేస్తుంది, ఏడాదికి 250 రోజులు, రోజుకు 20 మంది. కెమెరా ఖర్చు మనిషికి 16 రూపాయలు. టెక్నీషియన్ జీతం నెలకు 20 వేలయితే మనిషికి 48. ఏఎంసీ (ఏటా మరమ్మతు ఒప్పందం) ఏడాదికి 40 వేలయితే 8. మొత్తం 72, సాఫ్ట్‌వేర్ రుసుము కాక. రోజుకు ఎనిమిది మందే వస్తే అదే లెక్క 180కి చేరుతుంది. కెమెరా ధర తగ్గించడానికి ఏడాది కష్టపడే బదులు రోజుకు పదిమందిని ఎక్కువ చూసే ఏర్పాటు చేయడం మేలు.

ప్రభుత్వ ఆసుపత్రి మీ భాగస్వామి అయినంత మాత్రాన మీ దగ్గరే కొనలేదు. కర్ణాటకలో 1999 నాటి పారదర్శక కొనుగోళ్ళ చట్టం ప్రకారం టెండరు పిలవాలి, స్పెసిఫికేషన్ ఒక కంపెనీకే సరిపోయేలా రాయకూడదు. ఆయుష్మాన్ భారత్ బీమా డబ్బు ఆసుపత్రిలో చేరిన చికిత్సకు వస్తుంది, ఓపీ స్క్రీనింగ్‌కు రాదు. కాబట్టి జిల్లా అసాంక్రమిక వ్యాధుల (షుగర్, బీపీ లాంటివి) విభాగం బడ్జెట్లో చోటు అడగాలి. అందుకే వాళ్ళనూ మొదటి ఏడాదే మీటింగుకు పిలవండి.

అధ్యయనం ముగిసి వాడకం మొదలయ్యాక సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను తాళం వేసినట్టు ఉంచండి. కొత్త వెర్షన్ వస్తే, శిక్షణలో ఎన్నడూ వాడని 300 ఫోటోలను ఆసుపత్రి తన దగ్గరే దాచుకొని వాటి మీద పరీక్షించాకే మార్చనివ్వాలి. లైసెన్సు ఉన్న పరికరమైతే ఆ మార్పుకు మళ్ళీ అనుమతి కావాలేమో కూడా చూసుకోవాలి. నెలకోసారి నాలుగు అంకెలు రాయండి: ఎంతమందిని ఫోటో తీశారు, ఎన్ని మసక, ఎంతమందిని పంపారు, పంపినవాళ్ళలో ఎంతమంది నిజంగా రెటీనా డాక్టరు దాకా వెళ్ళారు. మసక ఫోటోలు వరుసగా రెండు నెలలు 15 శాతం దాటితే ల్యాబ్ ఇంజనీరు వచ్చి గదిలో కూర్చోవాలి. పంపినవాళ్ళలో సగంమంది కూడా వెళ్ళకపోతే సాఫ్ట్‌వేర్ పని పక్కన పెట్టి, రెటీనా క్లినిక్కు రోజులు, టోకెన్ల సంగతి ముందు చూడండి.